తిప్పక్క ఎక్కిన కొండ

ఎప్పటి మాటో అడక్కండి. మా తాతల తాతలకే అది పాత మాట. అనగా అనగా ఒక రాతికొండ, కొండ మీద కోట, కోటలో ఒక పాలెగాడు. కొండ కింద ఊరు. ఆ ఊరి చివర కిత్తనార తాళ్లు పేనుకుని బతికే తిప్పక్క.

తిప్పక్కకు పుట్టినప్పటినుంచీ కాళ్లు చచ్చుబడి ఉన్నాయి. అరచేతులకు తోలుముక్కలు కట్టుకుని పాకేది. ఆమె పేనిన తాడు తెగిందన్న మాట ఊళ్లో ఎవరూ వినలేదు. నోరూ అంత గట్టిదే. చెల్లెలు కాన్పులో పోతే ఆ పసిపిల్లను తెచ్చి తానే సాకుతోంది. పిల్లకు పేరు పెట్టేలోపే కరువు ముదిరింది.

ఒక ఏడు వాన లేదు. రెండో ఏడు వాన లేదు. మూడో ఏడు బావులు ఎండాయి, ఎడ్లు చచ్చాయి. ఎడ్లే లేనప్పుడు తాడు కొనేదెవరు?

పాలెగాడు చెడ్డవాడు కాడు. ఏడవాల్సింది అందుకే. కోటలోని ధాన్యపు కొట్టు తెరిపించి, వాకిట్లో పెద్ద గంగాళంలో రాగి అంబలి కాయించమన్నాడు. అప్పుడు దివాను చెవిలో ఊదాడు. అందరికీ పోస్తే పని చేయగలవాళ్లు కూడా వచ్చి కూర్చుంటారట. చేతకానివాళ్లకే పోయాలట. వాళ్లు కొండెక్కి వచ్చి, చేతకానివాళ్లమని రుజువు చూపాలట. పాలెగాడికి అది న్యాయంగానే తోచింది. ఊళ్లో దండోరా వేశారు. రుజువులు చూడటానికి దివాను కింద ముగ్గురు మనుషులు, వాళ్లకు రోజూ రాగుల జీతం. దొంగచాటుగా తాగిపోయేవాళ్లకంటే కాపలా కాసినవాళ్లే ఎక్కువ మింగారని ఇప్పటికీ చెప్పి నవ్వుతారు. నవ్వొస్తే నవ్వండి.

తిప్పక్క పిల్లను వీపుకు కట్టుకుని కొండెక్కింది. తెల్లవారి మొదలుపెడితే పొద్దు వాలేసరికి చేరింది. తోలుముక్కలు చిరిగాయి, మోచేతులు కొట్టుకుపోయాయి. దివాను ఆమెను పైనుంచి కిందికి చూశాడు. ఇంత కొండ ఎక్కినదానికి చేతకాకపోవడమేమిటని అడిగాడు.

"ఎక్కకుంటే అంబలి లేదంటిరి. ఎక్కితే ఎక్కినావు గదా అంటాండారు. నన్నేం జెయ్యమంటారు సామీ?" అంది తిప్పక్క.

అంబలి పోయలేదు. దిగి వచ్చింది. కొండ కొండలాగే ఉంది, ఆకలి ఆకలిలాగే ఉంది.

పక్కింటి కుళ్లాయప్ప అది విని ఊరుకోలేకపోయాడు. రెండోసారి అతనే ఆమెను భుజాన వేసుకుని ఎక్కాడు. దివాను మళ్లీ పైనుంచి కిందికి చూశాడు. మోసుకొచ్చే మనిషి ఉండగా నువ్వు దిక్కులేనిదానివెలా అవుతావన్నాడు. ఆ మోసే మనిషి కూడా మూడు రోజులుగా పస్తే. కాళ్లూ చేతులూ ఉన్నాయని అతనికీ పోయలేదు. ఇద్దరూ దిగి వచ్చారు. కొండ కొండలాగే ఉంది, ఆకలి ఆకలిలాగే ఉంది.

మూడోసారి తిప్పక్క ఎవరినీ పిలవలేదు. పిల్ల ఏడుపు మానేసింది. ఏడ్చే పిల్లకంటే ఏడవని పిల్లను చూస్తే ఆమెకు భయం వేసింది. ఇంట్లో మిగిలిన గుక్కెడు నీళ్లు పిల్ల నోట్లో పోసి, కుళ్లాయప్ప పెళ్లాం ఒళ్లో పడుకోబెట్టింది. ఈసారి ఎక్కి కూర్చోకూడదు, వాకిట్లో కూలబడాలి, అప్పుడైనా నమ్ముతారు అనుకుంది. నమ్మించడానికి అంతకంటే దారి తోచలేదు పాపం.

ఆమె వాకిలి దాకా చేరలేదు. కొద్ది మెట్లుండగానే చేతులు కూడా కాళ్లలాగే అయిపోయాయి. అంబలి వాసన అక్కడికి వస్తూనే ఉంది. పైన దివాను ఆ నారతాళ్ల మనిషి ఏదని అడిగాడట. రాలేదన్నారట. రాలేదంటే అవసరం తీరిందన్నమాట, అన్నాడట.

తెల్లవారి కుళ్లాయప్ప వెతుక్కుంటూ పోయి చూశాడు. ఒళ్లు చల్లబడి ఉంది. ఆమెను ఎత్తుకుని కిందికి దిగలేదు. పైకే పోయాడు. దివాను ముందు పడుకోబెట్టాడు.

"ఇప్పుడు చూడండి సామీ. రుజువైందా?"

దివాను తల తిప్పుకున్నాడు. వరుసలో నిలబడ్డ గుడ్డివాళ్లు, కుంటివాళ్లు, ముసలివాళ్లు ఒక్కొక్కరే గిన్నెలు బోర్లించారు. చేవ ఉన్న నలుగురు గంగాళానికి గుంజలు కట్టి భుజాలకెత్తుకున్నారు. పాలెగాడు కోట గోడ మీద నిలబడి చూశాడు. ఆపమని అనలేకపోయాడు.

గంగాళం ఊరి చివర దిగింది. కుళ్లాయప్ప తలగుడ్డ విప్పి కళ్లకు కట్టుకుని గరిటె పట్టుకున్నాడు. మొదటి చుక్కలు పసిపిల్ల నోట్లో పడ్డాయి. అది చప్పరించింది. ఇంతలో దివాను మనిషి ఒకడు వచ్చి, ఎవరికి పోస్తున్నావో చూసి పోయరా అన్నాడు.

"ఇన్నాళ్లూ చూసే కదా పోసినారు. చూసే కదా తిప్పక్కను చంపినారు," అన్నాడు కుళ్లాయప్ప. గిన్నె గరిటెకు తగిలిన ప్రతివాడికీ పోశాడు.

పాలెగాడు కొట్టు మూయించలేదు; ఆ రోజునుంచి వాన పడేదాకా అందరూ తాగారు. వానలొచ్చాక చూస్తే కొట్టులో ఇంకా రాగులు మిగిలే ఉన్నాయి, అడుగున పురుగు పట్టి. అన్ని రాగులుండీ ఆ మనిషిని కొండెక్కించారు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

కోట కూలిపోయింది. దివాను పేరు ఎవరికీ గుర్తు లేదు. ఆ ఊళ్లో మాత్రం ఏటా ఎండలు ముదరగానే ఊరి చివర అంబలి కాస్తారు. పోసేవాడు కళ్లకు గుడ్డ కట్టుకుంటాడు. షావుకారు భార్య అయినా, పశువులు కాసే మనిషి అయినా గిన్నె పట్టాల్సిందే. నడవలేనివాళ్ల ఇళ్లకు ముందు పంపించి, ఆ తరువాతే మిగతావాళ్లు తాగుతారు. ఎవరైనా కొత్తగా వచ్చినవాడు, ఉన్నవాళ్లకు కూడా ఎందుకని అడుగుతాడు. గరిటె ఆగదు. పక్కనున్న ఏ ముసలమ్మో మెల్లగా చెబుతుంది.

"అడగొద్దు నాయనా. ఒకసారి అడిగినాము. మనిషి పోయింది."