కాటుక గేదె పరిహారం దావా

వాగు ఒడ్డున పచ్చిక బయల్లో మందంతా కూర్చుంది. తీర్పు చెప్పడానికి ఏనుగు వచ్చింది. మధ్యలో కాటుక గేదె చతికిలబడి ఉంది. గాలికుంటు రోగం రాకుండా కొంగ డాక్టరు అందరికీ టీకా పొడిస్తే, కాటుక కూడా పొడిపించుకుంది. మర్నాటికల్లా వెనక కాళ్లు పడిపోయాయి. మేతకు పోలేదు, పాలు ఇంకిపోయాయి, దూడ డొక్కలు ఎండుతున్నాయి. ఉమ్మడి గడ్డివాములోంచి రోజూ మేత ఇప్పించమని అది దావా వేసింది.

ఎదురు వాదించింది నక్క. వాము మీద పెత్తనం దానిది. తను గడ్డి తినకపోయినా, ఒక్క పరక కదలాలంటే తన మాటే చెల్లాలి.

"టీకా వల్లే కాళ్లు పోయాయని రుజువేది వదినా?"

"ఎక్కడో ఒకరికి ఇలా అవుతుంది. దీనికి అయింది," అంది కొంగ, తల వంచుకుని.

"నువ్వు నోరు ముయ్యవయ్యా! వదినా, టీకా విషమంటావా మరి?"

"అలా ఎందుకంటాను బావా? నా దూడ బతికింది దానివల్లే కదా!"

నక్క ఎగిరి గంతేసింది. "విన్నారా ఏలినవారూ? మంచిదని తనే ఒప్పుకుంది! టీకా వేయించుకుని సుఖంగా ఉన్నవాళ్లంతా లేవండి, ఒకసారి చూపిద్దాం!"

మంద లేచింది. నేల అదిరింది. కాటుక తలెత్తి చూసి నోరు వెళ్లబెట్టింది. వాగు నుంచి కొండ దాకా కొమ్ములే కొమ్ములు! నిరుడు ఇదే బయల్లో ఎటు చూసినా గాలికుంటుకు కూలిన పశువులే. ఇప్పుడు ఇంతమంది ప్రాణాలతో నిలబడ్డారు. తన కష్టం మరిచిపోయి, "అమ్మో, ఇంతమందిమి మిగిలామా!" అంది. కళ్లు చెమర్చాయి.

ఏనుగు తొండమెత్తి మంద వైపు చూపించింది.

"లెక్క తేలింది నక్కా," అంది. "మేలు ఇంతమందికి జరిగింది. దెబ్బ ఒక్కదానికే తగిలింది. నిలబడ్డ అందరి మేతలోనూ కాటుకకు బతికున్నన్నాళ్లూ వాటా ఉంది."

"కూర్చోండి! ఇక చాలు, కూర్చోండి!" అని నక్క గొంతు చించుకుంది.

ఎవ్వరూ కూర్చోలేదు. నక్కను పక్కకు నెట్టి, వాము వైపు కదిలారు. తలా ఒక నోటెడు గడ్డి తెచ్చి కాటుక ముందు పెడుతుంటే, ఆ కుప్ప చాటున దూడ కనబడకుండా పోయింది.

అందరి క్షేమం కోసం సూదికి ఒళ్లొగ్గి దెబ్బతిన్నవాళ్లను అందరూ కలిసే మోయాలి.