అల్లుడి కాళ్ళకి ఒక జత

చలిగుమ్మి కొండ మీద గంగునాయుడి ఇంటిని ఊరంతా 'ఆలోచించే ఇల్లు' అంటారు. వెక్కిరింపుగా అంటారని ఆ ఇంట్లోవాళ్ళకి తప్ప అందరికీ తెలుసు. వాళ్ళు మాత్రం ఆ మాట వినగానే తల కాస్త పైకెత్తి నడుస్తారు.

గంగునాయుడు, అతని భార్య నూకాలు, తమ్ముడు దేముడు, ముగ్గురిదీ ఒకటే పద్ధతి. ఎవరేం చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేస్తారు. ఒకసారి కిక్కిరిసిన బస్సులో కండక్టరు "ముందుకి జరగండి, ఇంకా ముందుకి జరగండి" అన్నాడు. జరిగారు. జరిగి జరిగి ముందు తలుపులోంచి దిగిపోయి, ఘాటు రోడ్డు మీద బస్సుకి ముందు నడుచుకుంటూ ఊరు చేరారు. బస్సు హారను కొట్టుకుంటూ వాళ్ళ వెనకాలే మెల్లగా వచ్చింది. "చెప్పిన మాట ఇనీవోళ్ళు ఈ రోజుల్లో ఎవలున్నారు? మనమే," అని ఆ పూట ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకున్నారు.

వాళ్ళకి ఒక్కగానొక్క కూతురు వరాలు. కింద సముద్రం ఒడ్డు ఊరికి ఇచ్చారు. అల్లుడు త్రినాథ జీడిపిక్కలు కాల్చే బట్టీలో పని చేస్తాడు. రోజంతా మంట పక్కన ఉండే మనిషి. పోయిన చలికాలం, పెళ్ళయిన కొత్తలో, భార్యతో అత్తారింటికి వచ్చాడు. రెండు రోజులకే కాళ్ళు కొంకర్లు పోయాయి. మూడో రోజు పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని "వెళ్ళొస్తాను మావా" అన్నాడు.

వెళ్ళొస్తానన్నాడు కదా. నూకాలు అన్నం వార్చి కూర్చుంది. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది, అల్లుడు లేడు. మర్నాడూ వార్చింది, ఆ మర్నాడూ వార్చింది. వారం చూసి, గంగునాయుడే కూతుర్ని తీసుకెళ్ళి దిగబెట్టి వచ్చాడు. "అల్లుడు మంచోడే గానీ మాట మీద నిలబడడు," అని ఆ ఇంట్లో తీర్పు అయిపోయింది.

ఇప్పుడు వరాలు పుట్టింటికొచ్చి ఆడపిల్లని కంది. ఇరవై ఒకటో రోజు బారసాల. త్రినాథ ఫోను చేశాడు. "పొద్దున్న బస్సుకి వచ్చి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాను. మీ ఊళ్ళో నా కాళ్ళు నిలవవు మావా," అన్నాడు. వరాలు ఆ మాట విని గోడవైపు తిరిగి ఏడ్చింది. "పిల్ల నాన్న మొహం గుర్తుపట్టీదాకా అయినా ఉండక్కర్లేదా అమ్మా? నాకింకేటీ వొద్దు," అంది. కూతురు ఏడిస్తే ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. అంతే, ముగ్గురూ ఆలోచించడం మొదలుపెట్టారు.

"కాళ్ళు నిలవకపోతే బస్సు ఎలా ఎక్కుతాడన్నా? పడిపోడూ?" అన్నాడు దేముడు.

"చలికి మరిదీ, చలికి. ఊలు మేజోళ్ళు తొడిగితే నిలుస్తాయి," అంది నూకాలు.

"అయితే అల్లుడికి మేజోళ్ళు అల్లాలి," అన్నాడు గంగునాయుడు.

"మనమెందుకు అల్లాలి? అల్లీవోడు కాబట్టే కదా అల్లుడన్నారు. అతన్నే అల్లుకోమందాం," అన్నాడు దేముడు.

ఈ మాట నిజమేనని ముగ్గురికీ తోచింది. గంటసేపు తర్కించి, అల్లుడు వచ్చేలోపు అయిపోవాలి కాబట్టి ఈ ఒక్కసారికీ తామే అల్లాలని తేల్చారు.

సంత జరిగే ఊళ్ళో సుగుణమణి టీచరమ్మ ఊలు అల్లిక నేర్పుతుంది. ముగ్గురూ వెళ్ళి ఆవిడ ముందు చాప మీద కూర్చున్నారు. వెదురు బుట్టలు అల్లిన చేతులు కాబట్టి కుట్టు వేయడం ఒక్క పూటలో పట్టేశారు. చేతులు తెలివైనవే. వచ్చిన చిక్కల్లా చెవులతో.

"ఒకటి అల్లేసి రెండోది అల్లుదామంటే బద్ధకం వచ్చేస్తుంది," అని చెప్పింది టీచరమ్మ. "అందుకని రెండూ ఒకేసారి అల్లాలి. ఇదిగో, రెండు సూదులు, మధ్యలో పొడుగాటి తీగ. దీనిమీద రెండు మేజోళ్ళూ పక్కపక్కన ఉంటాయి. దేని ఊలు ఉండ దానిదే. ఏం జరిగినా జత మాత్రం విడదీయకండి. కాలి వేళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్ళండి. కాస్త వెళ్ళాక కుట్లు పెంచండి. మడమ దగ్గర తిప్పండి. ఆఖర్న కుట్లు మూసేయండి. అంతే."

ఇన్ని మాటలు ఒక్క బుర్రలో పెడితే బరువైపోతుందని గంగునాయుడు వాటిని పంచాడు. ఒకేసారి అల్లడం, జత విడదీయకపోవడం తను గుర్తుపెట్టుకున్నాడు. కాలి వేళ్ళు, పైకి వెళ్ళడం, పెంచడం నూకాలు తీసుకుంది. తిప్పడం, మూయడం దేముడి వంతు. దారిలో మాట జారిపోతుందేమోనని ముగ్గురూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కొండెక్కారు.

మర్నాడు పొద్దున్నే పని మొదలైంది. రెండూ ఒకేసారి అన్నారు కాబట్టి ఒక సూది మొగుడు పట్టుకున్నాడు, రెండోది పెళ్ళాం పట్టుకుంది. "ఒకటి, రెండు, వెయ్యి" అంటూ గంగునాయుడు లెక్క చెబితే ఇద్దరూ ఒక్కసారే కుట్టు వేశారు. నూకాలుకి దాహమేస్తే గంగునాయుడూ నీళ్ళు తాగాడు. ఇంతలో అతనికి తుమ్ము వచ్చింది, ఆవిడకి రాలేదు. ఇంకేముంది, పని ఆగిపోయింది. దేముడు పరిగెత్తి ముక్కుపొడుం తెచ్చి వదినకి పట్టించాడు. ఆవిడ తుమ్మేసరికి మళ్ళీ ఇతనికి తుమ్ము. ఇద్దరూ కలిసి తుమ్మేదాకా మధ్యాహ్నం అయిపోయింది.

కాలి వేళ్ళ దగ్గర మొదలుపెట్టాలి కదా, ఎవరి వేళ్ళన్నది ఇంకో చర్చ. అల్లుడి వేళ్ళు సముద్రం ఒడ్డున ఉన్నాయి. చివరికి దేముడు తన కాళ్ళు చాపుకుని పడుకున్నాడు, వాళ్ళిద్దరూ అతని వేళ్ళ దగ్గర కూర్చుని అల్లారు. ఊలు తగిలినప్పుడల్లా అతను కితకితలకి మెలికలు తిరిగిపోయాడు. "నవ్వకు మరిదీ, మేజోళ్ళు వదులొచ్చెస్తాయి," అని కసిరింది నూకాలు.

వేళ్ళు అయ్యాక పైకి వెళ్ళాలి. వెళ్ళారు. ఒక చుట్టు కాగానే పీట మీదకి ఎక్కారు, రెండో చుట్టుకి మంచం మీదకి, మూడో చుట్టుకి నిచ్చెన మొదటి మెట్టు మీదకి. పాదం సగం అయ్యేసరికి అటక మీద ఉన్నారు. వరాలు కింద పిల్లకి పాలిస్తూ తల పైకెత్తి చూసింది. "ఇంకెంత దూరం నాన్నా?" అంది. "మడమ దాకా వచ్చీసాం తల్లీ. మడమంటే పెంకుల మీద," అన్నాడు గంగునాయుడు.

అటక మీద ఉండగానే కుట్లు పెంచాల్సిన వేళ అయింది. "పిల్లని పెంచాను, దూడని పెంచాను, కుట్లు పెంచలేనా?" అని నూకాలు కొంగు బిగించింది. పొద్దున ఒక గరిటె, సాయంత్రం ఒక గరిటె గంజి పోసింది. మధ్యాహ్నం కోడి గంప కింద వెచ్చగా పెట్టింది. మూడో రోజుకి గంజి ఎండి మేజోళ్ళు అట్ట కట్టాయి, నేల మీద పెడితే వాటంతట అవే నిలబడ్డాయి. ముగ్గురి ఆనందం చెప్పలేను. "మేజోళ్ళే నిలబడుతున్నాయి, ఇంక కాళ్ళు నిలవవా?" అన్నాడు గంగునాయుడు.

ఇక దేముడి వంతు. మేజోళ్ళు చంకన పెట్టుకుని, రెండు ఊలు ఉండలు రెండు చేతుల్లో పట్టుకుని ఇంటి కప్పు మీదకి ఎక్కాడు. ఒక మడమ ఆనించి గిర్రున తిరగడం మొదలుపెట్టాడు. ఎన్నిసార్లు తిప్పాలో టీచరమ్మ చెప్పలేదు. ఆగమని ఎవరైనా చెబుతారేమోనని తిరుగుతూనే ఉన్నాడు. అన్నా వదినా కింద నిలబడి "బాగా తిప్పుతున్నాడు" అని మురిసిపోయారు గానీ ఆగమనలేదు. ఆఖరికి కప్పు మీంచి దొర్లి గడ్డివాములో పడ్డాడు.

దెబ్బలేం తగల్లేదు. కానీ రెండు ఉండల ఊలూ పేనుకుపోయి ఒకటే తాడైపోయింది.

"విడదీద్దామా?" అన్నాడు దేముడు గడ్డి దులుపుకుంటూ.

"జత విడదీయొద్దని టీచరమ్మ నాకు చెప్పింది. ప్రాణం పోయినా విడదీయను," అన్నాడు గంగునాయుడు. ఆ తాడుతోనే పైదంతా అల్లేశారు. ఇంకేముంది, కింద పాదాలు రెండు, పైన నోరు ఒక్కటి.

అనుమానమొచ్చి టీచరమ్మకి ఫోను చేశారు. "అమ్మా, రెండూ ఒకటైపోయాయి," అన్నాడు గంగునాయుడు. రెండూ ఒక్కలాగే వచ్చాయని చెబుతున్నాడనుకుని ఆవిడ సంతోషించింది. "అలాగే రావాలి. ఇంక మూసేయండి," అని పెట్టేసింది.

"ఇప్పుడే మూసీస్తే కాళ్ళెలా దూరతాయి?" అంది నూకాలు. "దూరాకే మూద్దాం," అన్నాడు దేముడు. ముందు జరగబోయేది ముందే కనిపెట్టడం ఆ ఇంట్లో అదే మొదలు. ఆ రోజు పాయసం వండుకున్నారు.

బారసాల పొద్దున త్రినాథ బస్సు దిగాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి. "ముందు కాళ్ళు ఇందులో పెట్టండి అల్లుడుగారూ," అని గుమ్మంలోనే కూర్చోబెట్టారు. పెట్టాడు. వెచ్చగా ఉంది. "అబ్బ, హాయిగా ఉంది మావా," అని కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి ఒకవైపు నుంచి గంగునాయుడు, రెండోవైపు నుంచి నూకాలు, "ఒకటి, రెండు, వెయ్యి" అంటూ పిక్కల చుట్టూ కుట్లు మూసేస్తున్నారు.

"మరి నడిచేదెలాగ?" అన్నాడు త్రినాథ.

"కాళ్ళు నిలవవు అన్నారు. నిలిపాం. నడవవు అన్లేదు కదా బాబూ," అంది నూకాలు.

బారసాల అతను కూర్చుని చేశాడు. సాయంత్రం బస్సు హారను కొడితే రెండు గెంతులు గెంతాడు. వాకిలి దాటేసరికి బస్సు మలుపు తిరిగిపోయింది. మొదటి రోజు అందర్నీ తిట్టాడు. రెండో రోజు అత్తని తప్ప అందర్నీ తిట్టాడు. మూడో రోజు వరాలు పిల్లని తెచ్చి అతని కాళ్ళ మీద, ఆ వెచ్చటి ఊలు మీద పడుకోబెట్టింది. పిల్ల వెంటనే నిద్రపోయింది. కదిపితే లేస్తుందని అతను పూటంతా కదల్లేదు. కూతురంటే తనకి ఇంత ఇష్టమని త్రినాథకి అప్పుడే తెలిసింది. ఆ తర్వాత తిట్టడం మానేశాడు.

అలా రోజులు గడిచాయి. ఆలోచించే ఇంట్లో ఊరికే కూర్చుంటే ఏమవుతుంది? వాళ్ళ గాలి తగిలింది. ఒకరోజు నూకాలు పెరట్లోకి వెళ్తూ "బాబూ, పిల్ల మీద ఒక కన్నేసి ఉంచండి" అంది. త్రినాథ రెండో కన్ను చేత్తో మూసుకుని, ఒక్క కంటితోనే పిల్లని చూస్తూ కూర్చున్నాడు. నెలన్నర పిల్ల ఆ మొహాన్ని కాసేపు తేరిపార చూసింది. చూసి, బోసినోటితో నవ్వేసింది. వరాలు చూసి కొంగుతో కళ్ళొత్తుకుంది. తను కోరుకున్నది అదొక్కటే, దొరికింది.

మర్నాడు బట్టీ నుంచి కబురొచ్చింది. వెంటనే రాకపోతే పనిలో ఇంకొకణ్ణి పెట్టుకుంటామని. త్రినాథ మొహం చిన్నబోయింది. "ఇంక తప్పదు. మేజోళ్ళు విప్పండి మావా," అన్నాడు.

విప్పారు. కాళ్ళలోంచి కాదు, కుట్లు. ముడి తెంచి దారం పట్టుకుని లాగితే పిక్కలు పోయాయి, మడమలు పోయాయి, పాదాలు పోయాయి. గంగునాయుడు లాగుతుంటే నూకాలు ఉండ చుట్టింది. చివరికి వేళ్ళకి టోపీలు పెట్టినట్టు రెండు ముక్కలు మిగిలాయి. "వేళ్ళ దగ్గర మొదలెట్టాం, వేళ్ళ దగ్గరికే వచ్చాం. లెక్క సరిపోయింది," అన్నాడు గంగునాయుడు.

త్రినాథ ఆ టోపీలతోనే సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "వెళ్ళొస్తాను మావా," అన్నాడు. ఆ మాటకి అందరి మొహాలూ వాడిపోయాయి. "పోయినసారీ ఇదే మాటన్నారు," అంది వరాలు. అతను గబగబా వెళ్ళిపోయాడు.

హారను వినిపించింది. బస్సు కదిలిన చప్పుడూ వినిపించింది. నూకాలు అలవాటు కొద్దీ ఎసరు పెట్టింది. ఎసరు ఇంకా మరగలేదు, గుమ్మంలో త్రినాథ.

"ఇదేటి అల్లుడుగారూ?" అన్నాడు గంగునాయుడు.

"బస్సు దాకా వెళ్ళాను. వచ్చాను. వెళ్ళొస్తానని చెప్పాను కదా మావా."

తెలివి తగ్గి వచ్చాడో, ప్రేమ పెరిగి వచ్చాడో నేను చెప్పలేను. వరాలు మాత్రం పిల్లని తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. గంగునాయుడు ఛాతీ పొంగిపోయింది. "మాటంటే మాటే. ఇప్పుడు ఈ ఇంటి అల్లుడివి అనిపించావు," అని సూదులు తెచ్చి ఇచ్చాడు. "అల్లు మరి."

ఇంతలో దేముడు వాకిలంతా వెతికి వచ్చాడు. "బాబూ, మరి సంచీ ఏదీ?"

"సీటు మీద పెట్టాను చినమావా. అది వెళ్ళొస్తానని చెప్పలేదు కదా, వెళ్ళిపోయింది."

"అయితే దానికి వండక్కర్లేదు," అని నూకాలు ఎసట్లో ఒక గిద్దెడు బియ్యం తక్కువ పోసింది.