పెద్ద గరగ ఎత్తే మెడ

మా గురువు లోవయ్యగారిని ఏదైనా అడగాలంటే ముందు ఒళ్ళు వంచడానికి సిద్ధపడాలి. ఆయన ప్రశ్నకు సమాధానం చెప్పరు, పని చెబుతారు. ఆ పని చేసొచ్చాక కూడా బుర్రకెక్కకపోతే ఇంకో పని చెబుతారు. అందుకే మా గరగల మేళంలో తెలివైనవాళ్ళు నోరు మూసుకుని ఉంటారు. నేను డప్పు వాయిస్తాను. ఆ తెలివైనవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ముత్యాలమ్మ జాతర ముగిసిన మర్నాడు బులిరాజు మాత్రం అడగనే అడిగాడు.

బులిరాజు మా పెద్ద గరగ ఎత్తే మనిషి. గరగ అనే ఇత్తడి కలశానికి పడగ కట్టి, వేపమండలూ పూలూ చుట్టి, అమ్మను అందులోకి పిలిచాక, దాన్ని తల మీద పెట్టుకుని ఊరంతా ఆడాలి. చెయ్యి వెయ్యకూడదు. వేస్తే అమ్మను పట్టి ఆపినట్టేనని, ఊరికి అరిష్టమని మావాళ్ళ నమ్మకం. చిన్న గరగలు ఎత్తేవాళ్ళు మాలో వీధికొకరు దొరుకుతారు. పెద్ద గరగ కింద నిలిచే మెడ మాత్రం ఒక్కటే, అది బులిరాజుది. గొప్పలు పోతున్నానంటే అనండి, ఉన్న గొప్ప చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

"నిన్న రైసుమిల్లు పట్టాభిగారు వాళ్ళ వాకిట్లో పసుపునీళ్ళతో నా కాళ్ళు కడిగారు," అన్నాడు బులిరాజు. "'అమ్మా, చల్లగా చూడు తల్లీ' అని మొక్కారు. ఇవాళ పొద్దున గేదెకి తవుడు కోసం మిల్లుకి వెళితే, 'ఒరేయ్, చెప్పులు బయట విడిచి తగలడు' అన్నారు, అందరి ముందూ. నిన్నటి మనిషిని నేనా, ఇవాళ్టి మనిషిని నేనా? ఇది తేలితే గాని నేనిక గరగ ముట్టుకోను గురువుగారూ."

అతను కాదంటే పెద్ద గరగ గుళ్ళో మూలన ఉండిపోవాల్సిందే. లోవయ్యగారి మోకాళ్ళు ఎప్పుడో సెలవు పుచ్చుకున్నాయి. మిగతావాళ్ళం దాన్ని ఎత్తుకుని వీధి మలుపు కూడా దాటలేం.

లోవయ్యగారు కాలుతున్న చుట్ట అరుగుకేసి నలిపారు.

"మిల్లులో మోటారు చెడిందట. జట్టు కూలీలు మంచినీళ్ళకి అల్లాడుతున్నారు. ఓ బిందెడు పట్టుకెళ్ళి పోసి రా," అన్నారు.

"ఆ మిల్లుకేనా?"

"దాహం కూలీలది, పట్టాభిగారిది కాదు. చెయ్యి మాత్రం వెయ్యకు. పెద్ద గరగ ఎత్తినట్టే ఎత్తు."

నన్ను వెంట వెళ్ళమన్నారు, డప్పు లేకుండా.

కుళాయి దగ్గర నింపిన బిందె తలకెత్తుకుని బులిరాజు బజారు వెంట నడిచాడు. మొహం మాడ్చుకునే నడిచాడు గాని, ఆ సంగతి మెడకి తెలియదు. నడుం పైన ఏదీ కదలలేదు. బిందె అంచుదాకా ఉన్న నీళ్ళు అంచు దాటలేదు. బేరమాడుతున్న ఆడవాళ్ళు బేరం ఆపి చూశారు. సోడాబండి అతను బండి పక్కకి లాక్కుని దారిచ్చాడు. వెనకాల నడుస్తున్న నాకు కడుపు నిండిపోయింది. వీడు మావాడని కనబడ్డవాడికల్లా చెప్పాలనిపించింది.

పట్టాభిగారు మిల్లు ముందు కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. అలికిడి విని, తలెత్తకుండానే, "ఒరేయ్, ఎవడ్రా అది?" అన్నారు.

పెద్ద గరగ ఎత్తినవాడు ఎవరు పిలిచినా తల తిప్పడు. తిప్పితే గరగ నేల మీద ఉంటుంది. పాదాలతో మొదలుపెట్టి ఒళ్ళంతా ఒక్కటిగా తిరగాలి, చూపు కిందికి దించకూడదు. బులిరాజు అలాగే తిరిగాడు. కావాలని చేసింది కాదు, ఏళ్ళ తరబడి ఒంటికి పట్టిన అలవాటు. తిరిగి, పట్టాభిగారి కేసి చూస్తూ నిలబడ్డాడు.

పట్టాభిగారు పేపరు దించి చూశారు. చూస్తూనే లేచారు. లేవడంలోనే కాళ్ళు చెప్పుల్లోంచి బయటికొచ్చేశాయి. వట్టి కాళ్ళతో ఊకదుమ్ములో నిలబడి, చేతులు సగం జోడించాక గాని ఆయనకి తన ముందున్నది మంచినీళ్ళ బిందె అని తెలియలేదు. ఆ చేతుల్ని ఏం చెయ్యాలో తోచక కండువా సర్దుకున్నారు.

"నువ్వా బులిరాజూ," అన్నారు. "లోపలికి రావయ్యా, కూలీలు అటున్నారు."

కూలీలు కడుపునిండా తాగారు. మేమున్నంతసేపూ పట్టాభిగారు మళ్ళీ కూర్చోలేదు.

తిరిగొచ్చాక జరిగిందంతా నేనే చెప్పాను, కాస్త దరువు కలిపి. లోవయ్యగారు చెయ్యెత్తి నన్ను ఆపి, బులిరాజు వైపు తిరిగారు.

"బిందెలోకి అమ్మను పిలిచావా?"

"లేదండి. ఉత్త కుళాయి నీళ్ళే."

"మరి ఆయనెందుకు లేచాడంటావు?"

బులిరాజు చెయ్యి వెనక్కి పోనిచ్చి మెడ తడుముకున్నాడు, కొత్తగా మొలిచినదాన్ని చూసుకున్నట్టు.

లోవయ్యగారు చుట్ట మళ్ళీ ముట్టించుకున్నారు.

"ఆ మెడ నీది," అన్నారు. "దాని మీద కూర్చుంటానని అమ్మే ఏటేటా నీ దగ్గరికొస్తోంది. కూర్చోనిస్తావో, గుళ్ళోనే ఉండమంటావో, నీ ఇష్టం."