తాయారమ్మ ఒట్టు, పసుపు గులాబి మొగ్గ

అనగనగా ఒక ఊళ్ళో, కాలవ గట్టు పక్కన, ఒక పెంకుటిల్లు. ఆ ఇంటి వెనక రెండు చాపలు పరిచేంత దొడ్డి. ఆ ఇంట్లో తాయారమ్మ అని ఒకావిడ ఉండేది. ఊ కొట్టు మరి. ఊ కొట్టకపోతే కథ గుమ్మంలోనే నిలబడిపోతుంది.

తాయారమ్మకి ఒక్కతే కూతురు. పేరేమో భువనమోహిని, మనిషేమో పిడికెడు. ఏడో నెలలోనే పుట్టేసింది పాపం. అందుకని అందరూ బుల్లెమ్మ అనేవారు. పుట్టినప్పుడు దూదిలో పెట్టి పెంచారు. ఇప్పుడు ఎనిమిదేళ్ళొచ్చాయి. గెంతుతోంది, పరిగెడుతోంది. తాయారమ్మ మాత్రం ఆ దూది ఇంకా తీయలేదు.

పాలు మూడుసార్లు చల్లార్చి, వేలు ముంచి చూసి, అప్పుడిచ్చేది. వీధిలో కుక్క తుమ్మితే బుల్లెమ్మకి మిరియాల కషాయం పట్టేది. వాళ్ళ నాన్న వీర్రాజు లాంచీ నడిపే సరంగు. వారానికోసారి ఇంటికొచ్చి, "ఏమే, పిల్లని ఊరగాయ పెట్టావా ఏంటి, జాడీలోంచి బయటికి తీయవు?" అని నవ్వేవాడు.

ఆ ఊళ్ళో ఏటా అట్లతద్దికి మామిడితోపులో ఉయ్యాల వేసేవారు. ఆ ఒక్క రోజే. మర్నాటికి విప్పేసేవారు. ఆడపిల్లలు ఎంత ఎత్తు ఊగేవారంటే, కాలి బొటనవేలు పైకొమ్మ ఆకుని తాకేది. బుల్లెమ్మ ఆ ఉయ్యాల ఎప్పుడూ ఎక్కలేదు. అరుగు మీద కూచుని, తోపులోంచి వచ్చే కేకలు వినేది. అంతే.

ఒక ఏడు ఆషాఢమాసంలో మొక్కల సింహాచలం కావిడి మోసుకుంటూ వచ్చాడు. తాయారమ్మ ఒక గులాబి మొక్క తీసుకుంది.

"ఇది అంటు గులాబి అమ్మా. పొట్టి రకం, మోకాలు దాటదు. మీ దొడ్డికి సరిగ్గా సరిపోతుంది. కొమ్మకి ఒక్క పువ్వే, కానీ గుప్పిట పట్టనంత పువ్వు. పసుపుకొమ్ము అరగదీసినట్టుంటుంది రంగు" అన్నాడు సింహాచలం.

బుల్లెమ్మ ఆ మొక్క పక్కనే గొంతుక్కూచుని, "అమ్మా, ఈ ఏడైనా నన్ను ఉయ్యాలకి పంపవే" అంది. తాయారమ్మ మొక్క వంక చూసింది. "ఇది పూసిన రోజున పంపిస్తాలే" అంది. బుల్లెమ్మ అరచెయ్యి చాపింది. తాయారమ్మ అందులో చెయ్యేసి ఒట్టు పెట్టింది.

తాయారమ్మ ఒట్టంటే సామాన్యమైంది కాదు. ఒకసారి జ్వరంతో గుడి చుట్టూ నూటెనిమిది ప్రదక్షిణాలు చేసి, నడుమ ఎక్కడో లెక్క తప్పానేమోనని మళ్ళీ మొదట్నించీ చేసిన మనిషి.

అప్పుడు మొక్కకి కూడా దూది మొదలైంది. పొద్దున్న ఒక చెంబు నీళ్ళు. మధ్యాహ్నం ఒక చెంబు. సాయంత్రం ఇంకో చెంబు. ఆకులు పండిపోయి రాలాయి. సింహాచలం వచ్చి మట్టిలో వేలు గుచ్చాడు. "అమ్మా, మీరు నాటింది గులాబా, వరి నారా? వేలికి పొడిగా తగిలితేనే నీళ్ళు పొయ్యండి" అన్నాడు.

ఆ తర్వాత తాయారమ్మ నీళ్ళు తగ్గించింది. కానీ శ్రావణమాసంలో ఎండ చురుక్కుమంటుంటే చూడలేక, మొక్కకి గొడుగు కట్టింది. కొమ్మలు పాలిపోయి, సన్నగా సాగాయి. సింహాచలం మళ్ళీ వచ్చాడు. "గొడుగు పట్టారేంటమ్మా, పెళ్ళికూతురా ఇది? తీసెయ్యండి. దీనికి ఎండే అన్నం" అన్నాడు. తాయారమ్మ గొడుగు తీసింది. తీసి, అదే గొడుగు తను వేసుకుని, మొక్కకి కాపలా కూచుంది.

ఆ తర్వాత మొక్క మొదట్లోంచి ఒక కొత్త కొమ్మ లేచింది. అబ్బో, ఏం కొమ్మ! వారం తిరిగేసరికి బుల్లెమ్మ నడుం దాకా వచ్చింది, రెండు వారాలకి భుజం దాకా. తాయారమ్మ మురిసిపోయి దానికి కర్ర ఊతం పెట్టి, దిష్టి తగలకుండా నల్లదారం కట్టింది.

వినాయకచవితి వెళ్ళిన మర్నాడు సింహాచలం మూడోసారి వచ్చాడు. నల్లదారం చూసి నవ్వాడు. దగ్గరికొచ్చి చూసి, నవ్వు ఆపేశాడు.

"అమ్మా, ఇది మీ పసుపు గులాబి కాదు. ఈ ముడి చూశారా? ఇక్కడ అంటు కట్టాం. ముడి పైనుందే మీ గులాబి. కింద వేరు అడవి గులాబిది. ఈ కొమ్మ ముడి కిందనించి లేచింది. సారమంతా ఇదే తాగేస్తోంది. దీన్ని మొదలంటా తీసెయ్యాలి. పైన కొమ్మలు జానెడు ఉంచి కత్తిరించాలి."

"కత్తిరిస్తే చచ్చిపోదూ?"

"కత్తిరించకపోతే పూయదమ్మా. కత్తిరిస్తే ఆరు వారాలకి పూస్తుంది." కత్తెర చేతిలో పెట్టి, కావిడి ఎత్తుకుని, వీధి చివర వాళ్ళకి మొక్కలిచ్చి వస్తానని వెళ్ళాడు.

తాయారమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఆరు వారాలంటే సరిగ్గా అట్లతద్దికి. అప్పుడు ఆవిడ గుండెల్లో ఒక మాట మెల్లిగా మెదిలింది. కత్తిరించకపోతే? కత్తిరించకపోతే మొక్క పూయదు. ఒట్టూ తప్పినట్టు కాదు. బుల్లెమ్మ భద్రంగా అరుగు మీదే ఉంటుంది. ఎవరూ ఏమీ అనరు.

అలా అనుకుంటూ తల తిప్పి చూసింది. బుల్లెమ్మ పెరటి గుమ్మంలో కూచుని, కాళ్ళు ముందుకీ వెనక్కీ ఊపుతోంది. ఉత్త గాలిలోనే. కళ్ళు మూసుకుని, ఉయ్యాల ఎక్కినట్టే.

తాయారమ్మ నల్లదారం విప్పింది. కత్తెర పట్టుకుని, పెద్ద కొమ్మని మొదలంటా కోసేసింది. ఆ తర్వాత పైకొమ్మలు ఒకటి, రెండు, మూడు. ప్రతి కోతకీ "అమ్మా" అంది, తన చేతికే తగిలినట్టు.

వారం రోజులు మొక్క ఉత్త పుల్లల్లా ఉంది. తాయారమ్మకి అన్నం సయించలేదు. మూడో వారానికి ముడి పైన ఎర్రెర్రటి చిగుళ్ళు వచ్చాయి. ఐదో వారానికి ఒక చిగురు కొసన శనగగింజంత మొగ్గ.

అట్లతద్ది ముందురోజు గోరింటాకు పెట్టుకున్నారు. తెల్లారుజామున పెరుగన్నం తిని, వెలుగొచ్చేసరికి, "బుల్లెమ్మా, రావే!" అని వీధిలో పిల్లల కేకలు. తల్లీ కూతురూ దొడ్లోకి పరిగెత్తారు.

మొగ్గ ఉబ్బింది. కొసన గోరంత పసుపు కనిపిస్తోంది. కానీ విచ్చుకోలేదు.

పూసిన రోజున అని తాయారమ్మ ఒట్టు పెట్టిందే! మొగ్గంటే పూసినట్టా? ఆవిడ వంగి, రెండు వేళ్ళతో మొగ్గ కొస పట్టుకుంది, రేకులు తనే విప్పేద్దామని.

"అమ్మా, వద్దే!" బుల్లెమ్మ ఆవిడ చెయ్యి పట్టేసుకుంది. "నువ్వు విప్పితే చిరిగిపోతుంది. దానంతటది విచ్చుకుంటుంది. నేను... నేను వచ్చే ఏడు ఎక్కుతాలే."

అనేసింది గానీ, చెవులు మాత్రం వీధిలో కేకల మీదే ఉన్నాయి.

ఆ ఊరి పిల్లలకి ఒక అలవాటుంది. పెట్టిన ఒట్టు తీసెయ్యాలంటే, ఒట్టు తీసి గట్టు మీద పెట్టాలి. పెద్దవాళ్ళెవరూ అలా చెయ్యరు. తాయారమ్మ బుల్లెమ్మ అరచేతిలోంచి ఏదో తీసినట్టు తీసి, గుప్పిట మూసింది. ఒలికిపోకుండా పట్టుకుని, కాలవ గట్టెక్కి, అక్కడ గడ్డి మీద జాగ్రత్తగా దింపింది. ఎగిరిపోకుండా పైన చిన్న రాయి కూడా పెట్టింది. అప్పుడు, "పద, తోపుకి" అంది.

మొదటిసారి ఉయ్యాల లేచినప్పుడు తాయారమ్మ రెండు చేతులూ చాపి కిందే నిలబడింది. రెండోసారి చేతులు దింపి, కొంగు నోట్లో కుక్కుకుంది. మూడోసారి బుల్లెమ్మ కిలకిలా నవ్వుతూ పైకి లేచి, కాలి బొటనవేలితో మామిడాకుని తాకింది. అప్పుడు అందరికంటే పెద్దగా ఒక గొంతు, "ఇంకొంచెం గట్టిగా తొయ్యండే!" అంది. ఎవరిదనుకున్నావ్? తాయారమ్మదే.

ఎండెక్కాక ఇంటికొచ్చి చూస్తే, మోకాలెత్తు మొక్క మీద గుప్పిట పట్టనంత పువ్వు. పచ్చటి పసుపు. ఎవరూ విప్పలేదు.

"అమ్మా, పూసేసిందిగా! ఒట్టు వెళ్ళి తెచ్చేసుకుందామా?" అంది బుల్లెమ్మ.

తాయారమ్మ చెమట పట్టిన ఆ పిల్ల తల నిమిరింది. కషాయం సంగతి గుర్తొచ్చింది కానీ, పైకి అనలేదు.

"ఉండనీవే. గట్టు మీదే ఉండనీ" అంది.

పువ్వు కొమ్మకి,
ఉయ్యాల చెట్టుకి,
ఒట్టు గట్టుకి,
కథ కంచికి,
బుల్లెమ్మ ఇంటికి,
నిద్ర నీ కంటికి.