తుంగభద్ర గట్టు కాకులు

సోమన్న గారు మగ్గం నేస్తూనే శిష్యులకు జవాబు చెప్పేవారు. ఆ రోజు ఈరప్ప అడిగినదానికి మాత్రం మగ్గం దిగారు.

"గట్టు మీద మా నాన్నకు పెట్టిన పిండం కాకి ముట్టలేదు స్వామీ. పొద్దెక్కేదాకా బతిమాలి, చివరికి ఏట్లో కలిపేశాం. మందులు తెచ్చాను, మంచం వేయించాను, ఏ లోటూ చేయలేదు. ఆయనకింకా ఏం కొరత? ఆ రోజు నుంచి నాకు ముద్ద దిగడం లేదు."

గురువు కండువా భుజాన వేసుకుని అతన్ని ఆ గట్టుకే తీసుకుపోయారు.

అక్కడ రాళ్లు కొట్టి బతికిన మనిషొకడికి పదో రోజు జరుగుతోంది. విస్తరిలో మూడు అన్నం ముద్దలు. గట్టు పక్క గోడ మీద కాకులు బారుగా కూర్చున్నాయి. ఒకటి దిగింది, విస్తరి దాకా గెంతింది, మెడ వంచి చూసి మళ్లీ గోడెక్కింది. చనిపోయినవాడి భార్య తిక్కమ్మ గుండెలు బాదుకుంది.

"ఏం తక్కువైందయ్యా నీకు? చెప్పు, చేస్తా!"

"బతికుండగా రోజూ సణిగితివి. ఇప్పుడు ముట్టమంటే ముడతాడా?" అన్నాడు మరిది. ఆ వెంటనే గొంతు తగ్గించాడు. "అన్నకు నా మీదే బెంగ వదినా. ఆ ఎకరం నాకిస్తానని గట్టిగా చెప్పు. ఎందుకు ముట్టడో చూద్దాం."

చచ్చినవాడి పేరు చెప్పి బతికున్నవాళ్ల నోటి కూడు లాక్కునేవాడు ప్రతి గట్టు మీదా ఒకడుంటాడు. ఆమెకున్నది ఆ ఎకరమే. అయినా చేతులు జోడించి నోరు తెరవబోయింది.

గురువు గబగబా వెళ్లి, పక్కన ఇంకొకరి కర్మకు వచ్చినవాళ్ల గంపలోంచి ఒక గారె అడిగి తెచ్చి విస్తరిలో పడేశారు. కాకులన్నీ ఒక్కసారిగా దిగాయి. గారె పోయింది, దాంతోపాటే ముద్దలూ పోయాయి. మరిది మొహం మాడిపోయింది. తిక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఇక్కడ ముందు అన్నం పెడతారు. కాకి దిగకపోతే గారెలు తెస్తారు, పెరుగు తెస్తారు," అన్నారు గురువు వెనక్కి నడుస్తూ. "ఇరవై ఏళ్లుగా చూస్తున్నా. ఆగితే మంచి తిండి వస్తుందని ఈ కాకులు నేర్చుకున్నాయి."

ఈరప్ప చాలా రోజులకు నిండుగా ఊపిరి పీల్చాడు.

"మేమూ ఉత్త ముద్దలే పెట్టాం! అయితే మా నాన్నకు నా మీద ఏ కోపమూ లేనట్టే కదా స్వామీ?"

గురువు అతని వైపు చూడలేదు.

"నేను చెప్పింది కాకుల సంగతి," అన్నారు. "మీ నాన్న సంగతి నన్నెందుకడుగుతావురా?"