జీలుగు చీటీ

వేదాద్రి మాస్టారికి నేరుగా జవాబు చెప్పే అలవాటు లేదు. ఏదైనా అడిగితే ముందు బీరువా తాళాలు వెతుక్కుంటారు. ఆయన దగ్గర మొక్కల మీద పరిశోధన చేస్తున్న సుభాషిణి ఒకనాడు, ఎండబెట్టిన జీలుగు కొమ్మను అట్టకు అంటించి, దాని కింద చీటీ రాస్తూ ఆగింది. జీలుగు నీళ్ళలో పెరిగే పొద. పక్షుల రక్షిత ప్రాంతంలోని సరస్సులో అది ఏ మేరకు ఉందో చీటీలో రాయాలి. ఆమె సరస్సులో దిగనే లేదు. దారి పక్క గుంటలోంచి కొమ్మ తుంచుకొచ్చింది.

"పాత చీటీల్లో విస్తారంగా ఉందనే రాశారు మాస్టారూ. రేపటికల్లా ఇవి అప్పగించాలి. నేనూ అదే రాసేస్తే ఎవరికి నష్టం?" అని అడిగింది.

మాస్టారు బీరువాలోంచి మూడు పాత అట్టలు తీసి ఆమె ముందు పెట్టారు. మూడింటి మీదా ఆయన చేతిరాతే. "మొదటి ఏడాది రొమ్ములోతు నీళ్ళలో దిగి, చూసి రాశాను. తర్వాత రెండేళ్ళూ గట్టు మీదనుంచే కొమ్మ తుంచి, మక్కీకి మక్కీ దించేశాను" అన్నారు. ఆ తర్వాత చెప్పిందంతా నేలచూపులు చూస్తూనే చెప్పారు.

సరస్సు గట్టు వెంట కాలువ తవ్వాలనుకున్న అధికారులు ఆ చీటీలు చూశారు. లోపల ఇంత ఉన్నప్పుడు కొంత పోతే ఏమని, గట్టు పక్క పొదలన్నీ పీకించేశారు. వల తేలడానికి జీలుగు బెండే కట్టుకునే పోతరాజు అనే ముసలి జాలరి ఆ చీటీల మాట విని కాలేజీకి వచ్చి, లోపల ఎక్కడుందో చూపించమని అడిగాడు. తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది. పెద్ద చదువు అడ్డొచ్చింది. మాస్టారు వెళ్ళి దోనెలో కూర్చున్నారు. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఇంకాస్త అటు, ఇంకాస్త అటు అని వేలు చూపిస్తూ పోయారు. ఆ ముసలాయన గెడ వేస్తూనే ఉన్నాడు. ఒక్క పొదా కనబడలేదు.

దోనె ఒడ్డుకు చేర్చి పోతరాజు అన్నాడట: "తవరు రాసేరంటే ఉండే ఉంటదండి. నా కళ్ళే ఆనట్లేదు."

సుభాషిణికి తల కొట్టేసినట్లయింది. కలానికి మూత పెట్టేసింది. "ఆయనకు నిజం చెప్పారా మాస్టారూ?" అంది.

"వారం తిరక్కుండా కళ్ళాసుపత్రికి వెళ్ళాడని తెలిసింది. అప్పుడూ చెప్పలేదమ్మా" అన్నారు మాస్టారు.