మీటరు ఆపిన కారు

ఉప్పుటేరు ఒడ్డున పరిపూర్ణస్వామివారి ఆశ్రమం అంటే రెండు రేకుల షెడ్లు, ఒక చేతిపంపు, ఎప్పుడూ గుట్టగా పడివుండే కొబ్బరిపీచు. ఆయన ఆ పీచుతో తాడు పేనుతూనే వచ్చినవాళ్ళతో మాట్లాడేవారు. ప్రశ్న అడిగినవాడికి శ్లోకం చెప్పి పంపేయడం ఆయన పద్ధతి కాదు. ఎక్కడో జరిగిన సంగతి ఒకటి తీసి ముందు పెట్టేవారు. దానితో ఏం చేసుకుంటావో నీ ఇష్టం. వెంటనే అర్థమైపోయిందని తలూపే వాళ్ళను చూస్తే మాత్రం ఆయనకు కొంచెం జాలి.

భీమవరంలో వ్యాపారస్తుల పన్నుల వ్యవహారాలు చూసే సదాశివం ఆయన శిష్యుల్లో చురుకైనవాడు. చురుకైనవాడంటే, జవాబు జేబులో పెట్టుకుని ప్రశ్న అడిగేవాడన్నమాట. ఒక ఆదివారం వచ్చి, దణ్ణం పెట్టి, పీచుగుట్ట పక్కనే కూర్చున్నాడు.

"స్వామీ, ఎవరికీ నష్టం లేని అబద్ధం కూడా పాపంలోకే వస్తుందా? అవతల ఉన్నది మనిషి కూడా కాదనుకోండి, ఏదో పెద్ద కంపెనీ. ఇవతలివాడికి నాలుగు రాళ్ళు మిగులుతాయి. అంతే."

"నీ సంగతేనా?" అన్నారు స్వామివారు.

"అబ్బే, నాది కాదండీ. మా క్లయింటు ఒకాయనది" అని సదాశివం, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కండువా సర్దుకున్నాడు.

"అంతేలే. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం" అని స్వామివారు నవ్వారు. తర్వాత నవ్వు మానేసి గోపాలరాజుగారి సంగతి చెప్పారు. ఆయన పొడిపొడిగా చెప్పిన దాన్ని ఇక్కడ కొంచెం విప్పి చెప్పుకోవాలి.

దంతులూరి గోపాలరాజుగారికి కొల్లేటి అంచున రొయ్యల చెరువులున్నాయి. పంట బాగా కలిసొచ్చిన ఏడు ఆయన ఎర్రటి స్పోర్ట్స్ కారు కొన్నారు. ఇద్దరు కూర్చుంటే నిండిపోయే బండి అది, నేలకు జానెడు ఎత్తున పాకుతుంది. ఆ ప్రాంతపు రోడ్ల మీద దాన్ని నడపడమంటే పట్టుచీర కట్టుకుని నాట్లు వేయడమే. అయినా ముచ్చట ముచ్చటే కదా!

అంత ఖరీదైన బండికి బీమా కూడా ఖరీదే. అందుకని ఆయన కిలోమీటర్ల లెక్క మీద ఇచ్చే పాలసీ తీసుకున్నారు. ఏడాదిలో అయిదు వేల కిలోమీటర్లకు మించి తిప్పనని ఒప్పుకుంటే ప్రీమియం బాగా తగ్గుతుంది. ఆ హద్దు లోపల బండికి ఏమైనా కంపెనీ చూసుకుంటుంది. హద్దు దాటాక బండి నుజ్జయినా ఆ బాధ సొంతదారుదే. దాటబోయే ముందు మీటరు ఫొటో తీసి పంపి, ఇంకాస్త కడితే హద్దు పెంచుతారు. ఇందులో దాపరికం ఏమీ లేదు. ఏజెంటు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడు.

"చెరువులకి జీపుంది. ఇది ఆదివారాలు సరదాగా తిప్పుకోడానికేగా" అన్నారు రాజుగారు. సంతకం పెట్టేటప్పుడు ఆ మాట నిజమే.

కానీ అలాంటి బండి ఒకసారి ఎక్కినవాడు దిగుతాడా? కాఫీకి బెజవాడ, టిఫినుకి రాజమండ్రి. బావమరిదికి చూపించడానికి ఒకసారి, బావమరిది చూశాడు కాబట్టి తోడల్లుడికి చూపించడానికి ఇంకోసారి. దసరా నాటికే హద్దు దగ్గరపడింది.

అప్పుడు ఒక ఫోను చేసి హద్దు పెంచుకుంటే సరిపోయేది. అందుకయ్యే ఖర్చు ఆయన ఒక పూట పెట్టే విందుకంటే ఎక్కువేం కాదు. కానీ ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడతాడని పెద్దలు ఊరికే అన్నారా? రాజుగారు తెలిసినవాళ్ళ ద్వారా ఒక మెకానిక్కును పట్టుకున్నారు. అతను మీటరు వెనకాల చిన్న డబ్బా ఒకటి బిగించాడు. బండి తిరుగుతుంది, అంకె తిరగదు. మీటరు హద్దుకు ఇవతలే బుద్ధిగా ఆగిపోయింది. బిగించినవాడు మాత్రం నిజాయితీగా ఒక ముక్క చెప్పాడు.

"గుద్దించుకోకుండా చూసుకోండి రాజుగారూ. గట్టి దెబ్బ తగిలిందంటే బీమా కంపెనీ సర్వేయరొచ్చి లోపలున్న కంప్యూటరు చూస్తాడు. డబ్బా బయటపడుద్ది. క్లెయిమూ పోద్ది, పరువూ పోద్ది."

ఆ రోజుతో రాజుగారి సరదా పోయింది. బీమా నిలబెట్టుకోవాలని మీటరు ఆపిన మనిషి, ఆ ఆపడంతోనే బీమా లేని మనిషయ్యారు. ఆ సంగతి ఊళ్ళో ఆయన ఒక్కరికే తెలుసు. దారిలో గేదె అడ్డొస్తే గుండె జారిపోయేది. లారీ వెనక నుంచి హారను కొడితే చెమట పట్టేది. నున్నటి రోడ్డు వదిలి బండిని పక్కకు తిప్పేవారు కాదు. చూసినవాళ్ళు, "రాజుగారు కారుని కన్నబిడ్డలా చూసుకుంటన్నారు" అని మెచ్చుకున్నారు.

కార్తీకమాసంలో తుఫాను వాన వెలిసిన ఒక ఉదయం చెరువులో రొయ్యల పట్టుబడి పెట్టుకున్నారు. జీపు ఐసు కోసం పట్నం వెళ్ళింది. రొయ్య ఎలా వచ్చిందో చూడాలన్న ఆత్రం కొద్దీ రాజుగారు కారు వేసుకుని, తారురోడ్డు అయిపోయిన చోట దాన్ని ఆపి, గట్టు మీద నడుచుకుంటూ వచ్చారు. అదే సమయానికి కాపలా చూసే పోలయ్య షెడ్డులో మేతబస్తా ఎత్తుతుంటే, బస్తా కింద చుట్టుకుని ఉన్న తాచు చేతిమీద కాటేసింది.

పోలయ్యకు నలభై నిండలేదు. ఇద్దరు ఆడపిల్లలు. అతని భార్య నాంచారమ్మ, వలలు లాగే ఇద్దరు మనుషులు కలిసి అతన్ని పట్టుకుని కారు దాకా నడిపించుకొచ్చారు. చుట్టుపక్కల ఇంకో బండి లేదు. ఆసుపత్రి అరగంట దారి.

"రాజుగారండీ, మీ కారులో ఎక్కించెయ్యండి బాబూ. మీకు పుణ్యముంటది" అంది నాంచారమ్మ.

రాజుగారి చెయ్యి జేబులో తాళం మీదికి పోయింది. అక్కడే ఆగింది. తను వచ్చిన నున్నటి రోడ్డు ఒకవైపు, ఆసుపత్రికి పోయే దారి ఇంకోవైపు. ఆ దారి నిండా గుంతలు, గుంతల నిండా నీళ్ళు. అడుగున రాయుందో ఇనుముందో తెలీదు. ఎదురుగా ధాన్యం ట్రాక్టర్లు వస్తాయి. ఆ డబ్బా లేకపోయి ఉంటే, "పోతే పోయింది వెధవ బండి, కంపెనీ ఉందిగా" అని ఆ క్షణమే ఎక్కించి ఉండేవారు. తర్వాత స్వామివారి దగ్గరికొచ్చి ఏడుస్తూ ఆయన ఒట్టేసి చెప్పింది ఈ ఒక్క మాటే.

"అంబులెన్సుకి ఫోను చేశాను నాంచారమ్మా, బయల్దేరింది. వాళ్ళ దగ్గర మందులుంటాయి. మనం వెళ్ళి దారిలో దిగబడిపోతే రెంటికీ చెడ్డట్టవుద్ది" అన్నారు.

ఆ మాటలో తప్పేమీ లేదు. ఎవరు అడిగినా నిలబడే మాటే. పైగా పోలయ్య, కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, భార్యనే కసిరాడు.

"ఊరుకోయే. నా ఒంటినిండా బురదే. ఆరి సీట్లు పాడైపోతాయి."

అది విని సిగ్గుతో చచ్చిపోవలసింది. రాజుగారు దాన్ని ఆసరా చేసుకున్నారు.

అంబులెన్సు దూరం నుంచి రావాలి. వస్తోంది, వస్తోంది అంటున్నారు ఫోనులో. పోలయ్య కనురెప్పలు వాలిపోవడం మొదలెట్టాయి. ఎత్తబోతే ఎత్తలేకపోయాడు. ఏదో చెప్పబోతే నాలిక మడతపడింది. నాంచారమ్మ అతని గడ్డం పట్టుకుని ఊపుతూ, "ఇటు సూడు, నన్ను సూడు" అంటోంది. రాజుగారు తాళం బయటికి తీశారు. అంతలో, ఇంతసేపు ఆగి ఇప్పుడు బయల్దేరితే దారిలో అంబులెన్సును తప్పిపోతామేమో అనిపించింది. అదీ సబబుగానే ఉంది. తాళం మళ్ళీ జేబులో వేసుకున్నారు.

చివరికి అంబులెన్సు ఆ గుంతల దారినే వచ్చింది. దాని చక్రాలకు బురద అంటిందేగాని, ఒక్క గుంతలోనైనా దిగబడలేదు. రాజుగారు పోలయ్య ముఖం చూడలేక ఆ చక్రాలనే చూస్తూ నిలబడ్డారు. ఆసుపత్రికి చేరేలోపే పోలయ్య ఊపిరి పోయింది.

ఎవరూ ఒక్క మాట అనలేదు. అనడానికి ఏముంది? పాము కరిచింది, అంబులెన్సు పిలిచారు, రాత అలా ఉంది. పెద్దకర్మ నాడు నాంచారమ్మ పదిమందిలో, "రాజుగారు కడదాకా పక్కనే నిలబడ్డారు. సొంతోళ్ళయినా ఆమాత్రం నిలబడరు" అని చేతులెత్తి దణ్ణం పెట్టింది. రాజుగారు తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేదు. ఆడపిల్లల చదువు తనదే బాధ్యత అని మాత్రం చెప్పి వచ్చేశారు. ఊరు ఇంకోసారి మెచ్చుకుంది.

మర్నాడు ఆయన బీమా కంపెనీకి ఫోను చేసి, డబ్బా సంగతి దాచకుండా చెప్పేశారు. తిడతారనుకున్నారు. కేసు పెడతారనుకున్నారు. పెడితే బాగుండునని కూడా అనుకున్నారు. అవతలి మనిషి అంతా విని, పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"ఇలాంటివి వస్తూనే ఉంటాయి సార్. డబ్బా తీయించేసి, అసలు కిలోమీటర్లకి తేడా కట్టేయండి. సరిపోతుంది."

సరిపోతుందన్న మాట విన్నాక రాజుగారు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయారు.

స్వామివారు చెప్పడం ఆపారు. "ఇది నాంచారమ్మకి తప్ప ఎవరికైనా చెప్పమన్నారాయన. అందుకని నీకు చెప్పాను" అన్నారు.

 సదాశివానికీ మనసు కలుక్కుమంది. కానీ జేబులో జవాబు పెట్టుకుని తిరిగే అలవాటు అంత తొందరగా పోతుందా?

"బాధగానే ఉంది స్వామీ. కాని న్యాయంగా చూస్తే మీటరు సంగతి వేరు, పాము సంగతి వేరు. కారులో ఎక్కించినా దారిలోనే పోయేవాడేమో. కచ్చితంగా బతికేవాడని ఎవరు చెప్పగలరు?"

స్వామివారు పేనుతున్న తాడు కింద పెట్టారు.

"ఎవరూ చెప్పలేరు నాయనా. కారులో ఎక్కించినా కచ్చితంగా పోయేవాడేనని ఒక్కరైనా చెబుతారేమోనని రాజుగారు కనిపించిన డాక్టరునల్లా అడుగుతున్నారు. నీకు తెలిస్తే వెళ్ళి చెప్పిరా. ఆయన ఇల్లు దగ్గరే."